తైబందీలో అడవికీ చోటు కావాలి

వరంగల్ జిల్లాలోని పాకాల చెరువు కట్టి ఎనిమిది వందల ఏండ్లు దాటింది. కాకతీయ గణపతిదేవుని కాలంలో, సుమారు 1213లో, జగదాల ముమ్మడి నాయకుడు రెండు గుట్టల నడుమ కట్ట పోయించాడు. ఆనాటి నుంచి చెరువును ఎవరు చూసుకోవాలి, ఎట్లా చూసుకోవాలి అన్నదానికి ఒక ఏర్పాటు ఉంది. చెరువు కట్టినవాడికి, బాగుచేసినవాడికి దశబంధం పేరుతో మాన్యం గానీ పంటలో భాగం గానీ ఇచ్చారు. తూము తెరిచేందుకు, మూసేందుకు నీరటి ఉన్నాడు. ఇప్పటికీ యాసంగి (రబీ) పంటకు ముందు తైబందీ పెట్టి చెరువులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో చూసి, ఏ కాలువ కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయో తేలుస్తారు. అధికారులూ రైతులూ ఎదురెదురుగా కూర్చుని తగాదా పడి, చివరికి ఒక లెక్కకు వస్తారు.

ఈ ఏర్పాటంతా కట్ట, తూము, మత్తడి (అలుగు), కాలువల దాకానే. శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే నేల, దాటి పైకి పోతే అడవి మొదలవుతుంది. ఆ అడవి చెరువుకు నీళ్లు పంపే చోటు అని అందరికీ తెలుసు, కానీ దానికి నీరటి లేడు, దశబంధం లేదు, తైబందీలో దాని ఊసే రాదు. అడవి తరగని కాలంలో ఆ అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

పాకాల అభయారణ్యాన్ని 1952లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 860 చదరపు కిలోమీటర్లు. పైన ములుగు వైపు ఏటూరునాగారం అభయారణ్యం మరో 800 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. ఇక్కడ ‘ఉమ్మడి నిర్వహణ’ అనే మాట కొత్తది కాదు. 1990ల మొదట్లో వనసంరక్షణ సమితులు పుట్టినప్పటి నుంచి వింటున్నదే. కానీ ఆ ఉమ్మడిలో కుర్చీలు ఎప్పుడూ రెండే: ఒకటి అటవీశాఖది, రెండోది అడవి అంచున ఉన్న గూడేనిది. అడవి వల్ల ఎక్కువ లాభపడే మూడో మనిషి, అంటే కింద నర్సంపేట, ఖానాపురం వైపు వరి వేసే ఆయకట్టు రైతు, ఆ సమావేశంలో కనపడడు. లాభం ఒకరిది, కాపలా ఒకరిది, పెత్తనం ఇంకొకరిది. ఈ మూడూ ఒక్కచోట కూర్చోనంత కాలం ఎన్ని సమితులు పెట్టినా నిలబడవన్నది నా వాదన.

అడవి చెరువుకు చేసే మేలు ఏమిటో ముందు సూటిగా చెప్పాలి. చాలామంది అనుకున్నట్టు అడవి నీళ్లను తయారు చేయదు. నిజానికి చెట్లు కొంత నీటిని తాగి ఆవిరిగా వదులుతాయి. అడవి చేసే పని వేరు. రాలిన ఆకు నేల మీద దుప్పటిలా పరుచుకుని వాన చినుకు దెబ్బను కాస్తుంది. వేర్లు, పురుగులు చేసిన సందుల్లోంచి నీళ్లు లోపలికి దిగుతాయి. వాన ఒక్కరోజులో వరదై పోకుండా దీపావళి తర్వాత కూడా వాగు సన్నగా పారుతుంది. దాంతోపాటు మట్టి పైనే ఆగుతుంది. ఈ రెండో మేలును మనం మరీ తక్కువగా చూశాం. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువుల్లో పూడిక తీయాలని లక్ష్యం పెట్టుకున్నారు. మంచి పనే. అయితే పూడిక చెరువులో పుట్టదు, పైనుంచి వస్తుంది. పైన వాలును వదిలేసి కింద తవ్వుతూ పోతే పదేండ్లకోసారి అదే మట్టిని మళ్లీ మళ్లీ ఎత్తాలి.

గోదావరి నీళ్లను ఎత్తిపోసి రామప్ప మీదుగా పాకాలకు తెస్తున్నారు కదా, ఇంక అడవి నీళ్లతో పనేముందని అడిగేవాళ్లుంటారు. ఎత్తిపోసే ప్రతి చుక్కకూ కరెంటు బిల్లు ఉంటుంది, వాలు మీద దిగే చుక్కకు ఉండదు. పైగా పూడిక నిండిన చెరువులో గోదావరి నీళ్లకు కూడా చోటు తగ్గుతుంది.

ఇక అడవి ఎక్కడ దెబ్బతింటున్నదో చూద్దాం. గొడ్డలి కన్నా ముందు నిప్పు సంగతి మాట్లాడాలి. ఉత్తర తెలంగాణ అడవుల్లో వేసవి నిప్పు తనంతట తాను పుట్టడం బహు అరుదు. దాదాపు ఎప్పుడూ మనిషి చేతి నుంచే వస్తుంది, దాని వెనక ఒక పని ఉంటుంది. ఆ పనేదో తెలుసుకోకుండా ‘అడవికి నిప్పు పెట్టవద్దు’ అని బోర్డు పాతితే చదివేవాళ్లు చదువుతారు, నిప్పు పెట్టేవాళ్లు పెడతారు.

మొదటిది ఇప్పపువ్వు. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు రాత్రి నుంచి తెల్లారేదాకా రాలుతుంది. చెట్టు కింద ఎండుటాకు మందంగా ఉంటే పువ్వు అందులో కలిసిపోతుంది, ఏరడానికి రెండింతల పొద్దు పడుతుంది. అందుకని సాయంత్రం ఆకుకు అగ్గిపుల్ల గీసి పోతారు. అది చెట్టు కింద ఆరిపోతుందని వాళ్ల నమ్మకం. గాలి లేస్తే ఆరదు. దీనికి మందు కష్టమైనది కాదు. పువ్వు మొదలవడానికి వారం ముందే చెట్టు కింద కొమ్మలు పరుచుకున్నంత మేర ఆకు ఊడ్చి బయటికి నెట్టాలి. లేదా పాత చీరలు కుట్టో, వల తెచ్చో, మోకాలెత్తున నాలుగు గుంజలకు కట్టాలి. వల మీద పడిన పువ్వుకు మట్టి అంటదు, త్వరగా ఎండుతుంది, మంచి ధర పలుకుతుంది. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అట్లాంటి తిండి సరుకుకు బూడిద కలిసిన పువ్వు పనికిరాదు.

మరి వలలు పంచిన చోట కూడా ఎందుకు చెడుతుంది? పంచేవాళ్లు ఇంటికొకటి ఇస్తారు. ఇప్పచెట్లు మాత్రం ఇంటికొకటి ఉండవు. ఏ చెట్టు ఎవరిదన్నది గూడెంలో నోటి మాట మీద ఎప్పటి నుంచో తేలి ఉంటుంది. ఒక ఇంటికి ఏడు చెట్లుంటాయి, ఇంకో ఇంటికి ఒక్కటీ ఉండకపోవచ్చు. అందుకే వలల కన్నా ముందు చెట్ల జాబితా రాయాలి: ఏ చెట్టు, ఏ ఇల్లు, కొమ్మలు ఎంత మేర పరుచుకున్నాయి. రెండు రోజుల పని. ఆ జాబితా ఉంటే ఏ చెట్టు కింద నిప్పు లేచిందో, ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ఊరంతటినీ దొంగల్లా చూడాల్సిన పని ఉండదు.

రెండోది తునికాకు. ఏప్రిల్, మే నెలల్లో కోత. లేత ఆకు కావాలంటే అంతకు నెలన్నర ముందు, ఫిబ్రవరిలో, తునికి తుప్పలను పదునైన కొడవలితో నేలకు ఆనించి కొట్టాలి. దీన్నే మోడెం కొట్టడం అంటారు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ఆకు మంచిదైతే బస్తా త్వరగా నిండుతుంది, ఆకు కొనే కల్లంలో తిరగ్గొట్టే కట్టలు తక్కువ. కానీ మోడెం కొట్టే కూలి డబ్బు సమయానికి రాకపోతే ఏమవుతుంది? నిప్పు పెడితే తుప్ప కాలి మళ్లీ చిగురిస్తుంది, పైసా ఖర్చు లేదు. మార్చిలో అడవి కాలడానికి కారణం చాలాసార్లు ఫిబ్రవరిలో విడుదల కాని కూలి డబ్బే. కాబట్టి ఉమ్మడి ప్రణాళికలో రాసుకోవాల్సిన మొదటి తేదీ ఇది: మోడెం కూలి జనవరి నెలాఖరుకు గ్రామసభ చేతిలో ఉండాలి. నిప్పు పడిన తునికాకు యూనిట్‌లో మరుసటి ఏడు ఆకు కొనే కాంట్రాక్టరుకు చోటు ఉండదని ఒప్పందంలోనే రాయాలి.

ఉపగ్రహం చూసి చెబుతుంది కదా అనే ధీమా ఒకటుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే నిప్పు హెచ్చరికల్లో వివరంగా చూసేది 375 మీటర్ల గడి. ఆ ఉపగ్రహం మన మీదుగా పోయేది పగలు ఒంటిగంటన్నరకు, రాత్రి ఒంటిగంటన్నరకు అటూ ఇటూగా. సాయంత్రం అయిదింటికి ఇప్పచెట్టు కింద అంటుకున్న నిప్పు దానికి రాత్రి దాకా కనపడదు. సందేశం బీటు అధికారికి చేరి, ఆయన బండి తీసి వచ్చేసరికి తెల్లారుతుంది. ఆకు నిప్పును మొదటి గంటలో అయితే నలుగురు మనుషులు పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పగలరు. ఆరు గంటల తర్వాత నలభై మంది కావాలి. గూడెంలో ఉండే ఫైర్ వాచర్‌కు సాటి వచ్చే యంత్రం లేదు.

ఆ వాచర్‌కు కూలి ఎవరివ్వాలి? లెక్క వేసి చూద్దాం. ఊరికే ఉదాహరణకు, ఒక చెరువు కింద పదివేల ఎకరాల ఆయకట్టు ఉందనుకుందాం. ఎకరాకు ఏడాదికి 20 రూపాయలు తీస్తే రెండు లక్షలు. నిప్పు కాలం ఫిబ్రవరి నడుమ నుంచి జూన్ నడుమ దాకా, అంటే 120 రోజులు. రోజు కూలి 400 అనుకుంటే నలుగురు వాచర్లకు 1,92,000 రూపాయలు. ఎకరాకు ఇరవై రూపాయలంటే యూరియా బస్తా ధరలో చిన్న ముక్క. దానితో కాలువకు నీళ్లు పంపే వాలు మీద వేసవంతా నలుగురు కాపలా ఉంటారు. డబ్బు కూడదనుకుంటే వడ్లు ఇవ్వొచ్చు. దశబంధం అర్థం కూడా అదే కదా, నీళ్లు నిలిపినవాడికి పంటలో భాగం. 1997 చట్టం కింద పుట్టిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ పనికి సరిపోయే సంస్థలే.

వసూలు కష్టమని నాకు తెలుసు. నీటి తీరువా వసూలే సరిగా సాగని చోట ఇంకో పన్ను అంటే ఎవరూ ఒప్పుకోరు. అందుకే మొదటి రెండేండ్లు ప్రభుత్వమే పెట్టాలి. డబ్బు లేదనడానికి లేదు: కంపా నిధుల కింద, అంటే అడవిని వేరే పనులకు తీసుకున్నందుకు కట్టే పరిహారం కింద, 2019లో రాష్ట్రానికి 3,110 కోట్లు వచ్చాయి. ఆ నిధిని కొత్త మొక్కలు నాటడానికే అన్నట్టు చూడటం మానాలి. నిలబడి ఉన్న అడవిని కాపాడటం నాటడం కన్నా చౌక.

వనసంరక్షణ సమితులు ఎందుకు వాడిపోయాయో చెప్పుకోకుండా ముందుకు పోలేం. సమితి బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు కావాలి: అధ్యక్షుడిది, అటవీ అధికారిది. రెండో సంతకం బదిలీ మీద పోతే ఖాతా నెలల తరబడి ఆగిపోతుంది. పనులు ప్రాజెక్టు డబ్బుతో నడిచాయి, ప్రాజెక్టు అయిపోగానే సమితి పేరు బోర్డు మీద మిగిలింది. అన్నిటికన్నా పెద్ద లోపం, సమితికి చట్టంలో హక్కు లేదు. ఒక ఉత్తర్వుతో పుట్టింది, ఇంకో ఉత్తర్వుతో పోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా ఉమ్మడి రాష్ట్రంలో సామూహిక హక్కు పత్రాలను చాలాచోట్ల సమితుల పేర్ల మీదనే రాసిచ్చారు. చట్టం ఆ హక్కును ఇచ్చింది గ్రామసభకు, సమితికి కాదు.

2006 చట్టంలో మూడో సెక్షన్ ఊరి సామూహిక అడవిని కాపాడే, పెంచే, నిర్వహించే హక్కును ఊరికే ఇచ్చింది. అభయారణ్యాలకు ఇది వర్తించదనే మాట తప్పు. ఆ చట్టంలో ‘అటవీ భూమి’ అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే అభయారణ్యాలూ జాతీయ ఉద్యానాలూ ఉన్నాయి. 2023లో రాష్ట్రంలో సుమారు 4.06 లక్షల ఎకరాలకు పోడు పట్టాలిచ్చారు. అవి సొంత సాగు భూములకు. సామూహిక అడవి దరఖాస్తు, అంటే ఫారం-సి, చాలా గూడేల్లో ఎవరూ నింపలేదు. పోడు పట్టా చేతికొస్తే చాలనుకున్నారు. అది పెద్ద నష్టం.

ఫారం-సి నింపే పని ఎట్లా చేయాలి? గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. లేకపోతే తీర్మానం పైకి పోయాక కొట్టేస్తారు. అటవీ హక్కుల కమిటీలో పది నుంచి పదిహేను మంది. హద్దు గీయడానికి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నడవాలి: వాగు మలుపు, దేవర గుట్ట, పాత పశువుల బాట, ఇప్పచెట్ల వరస. ప్రతి గుర్తు దగ్గరా ఫోన్‌లో జీపీఎస్ అంకె రాసుకుని ఫొటో తీయాలి. ఆధారాలు ఒకటి కన్నా ఎక్కువ కావాలి. పాత నక్ష ఒకటి, పెద్దల వాంగ్మూలం ఒకటి ఉంటే నిలుస్తుంది. ఎక్కువగా చెడేది పక్క ఊరితో హద్దు దగ్గర. అక్కడ రెండు ఊళ్ల గ్రామసభలూ ఒకే రోజు కలిసి నడిచి, రెండు తీర్మానాల్లోనూ ఒకే మాట రాయకపోతే దరఖాస్తు డివిజన్ కమిటీ దగ్గరే ఏండ్లు గడుస్తుంది. హక్కు వచ్చాక గ్రామసభ తన కమిటీ వేసుకుని ప్రణాళిక రాసుకోవాలి. అటవీశాఖ వర్కింగ్ ప్లాన్‌లో దాన్ని కలపాలి. నేను అడిగే ఉమ్మడి ఇక్కడ మొదలవుతుంది, హక్కున్న ఇద్దరి మధ్య.

ఊరిని అడగకుండా కాగితం మీద చేసిన పని ఏమవుతుందో 2025లో ఆసిఫాబాద్ చూపించింది. కవ్వాల్‌కూ మహారాష్ట్ర వైపు తాడోబాకూ నడుమ పులుల బాటను కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ మే నెలాఖరున జీవో 49 ఇచ్చారు. ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, జులైలో దాన్ని పక్కన పెట్టారు. పులికి ఆ బాట కావాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ వన్యప్రాణి చట్టంలో ఆ రిజర్వు గురించి చెప్పే సెక్షన్‌లోనే ‘స్థానికులతో సంప్రదించిన తర్వాత’ అని ఉంది. దాని నిర్వహణ కమిటీలో ప్రతి పంచాయతీ నుంచి ఒకరు ఉండాలని తర్వాతి సెక్షన్ చెబుతుంది. ముందు కమిటీ మనుషులెవరో తేల్చి, వాళ్ల ముందు పటం పరిచి ఉంటే సగం భయం అక్కడే పోయేది.

అటవీ హక్కుల చట్టం కన్నా పాత ఆదేశం ఒకటి అభయారణ్యాల్లో రోజువారీ చిక్కు తెస్తుంది. 2000 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు అభయారణ్యాల నుంచి ఎండిన, పడిపోయిన చెట్లను, గడ్డిని కూడా తీయరాదని ఆదేశించింది. కలప దొంగతనం ఆపడానికి అది అవసరమే. కానీ 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం నడుమ సుడిగాలి వేల చెట్లను కూల్చినప్పుడు ప్రశ్న మారింది. అంత ఎండుకట్టె పడి ఉన్న చోట వేసవి నిప్పు పడితే మామూలు ఆకు నిప్పులా పోదు, నేలలోని విత్తనాన్ని కూడా కాల్చేస్తుంది. అట్లని మొత్తం తీసేస్తే నేల నగ్నమవుతుంది, మట్టి కొట్టుకుపోతుంది, పుట్టగొడుగుకూ పురుగుకూ పక్షికీ చోటు పోతుంది. బాటల వెంట, గూడేల చుట్టూ సన్నకట్టె తీసి నిప్పు పట్టీ చేయడం, దుంగల్ని వాలుకు అడ్డంగా ఉన్నచోటే వదలడం, పశువుల్ని కొన్నేండ్లు అటు తోలకపోవడం మంచి నడిమి దారి. మూడో ముక్క ఊరు ఒప్పుకుంటేనే జరుగుతుంది. మందలు ఎటు పోవాలో చెప్పకుండా ‘ఇటు రావద్దు’ అంటే ఎవరూ వినరు.

వాలు మీద మట్టి పని గురించి కొంచెం కటువుగానే చెప్తాను. నిండా చెట్లున్న అడవిలో కందకాలు తవ్వవద్దు. వేర్లు తెగుతాయి, తవ్విన మట్టే మొదటి వానకు వాగులో కలుస్తుంది. బోడి వాలు మీద, పోడు వదిలేసిన చోట మాత్రమే పని పెట్టాలి. వాగు పాయల్లో రాతి అడ్డుకట్టలు పై నుంచి కిందికి కట్టుకుంటూ రావాలి. ఎత్తు మీటరు దాటకూడదు. నడుమ భాగం అంచుల కన్నా పల్లంగా ఉండాలి, రెండు చివరలు గట్టులోకి అరమీటరైనా దిగాలి. నడుమ ఎత్తుగా, చివరలు పల్లంగా కడితే నీళ్లు పక్క నుంచి గట్టును కోస్తాయి. రెండో ఏడాదికి రాళ్లు ఒకవైపు, వాగు ఒకవైపు. కింద నుంచి మొదలుపెడితే పైన ఆగని వరద కిందివాటిని ఒక్క వానలో లేపేస్తుంది.

ఇదంతా పని చేస్తున్నదో లేదో ఎట్లా తెలుస్తుంది? కొలవాలి, కొలత గూడెం పిల్లలు కూడా చేయగలిగినంత తేలిగ్గా ఉండాలి. వాగులో పది మీటర్ల సాఫు భాగం చూసుకుని ఒక ఎండు కాయను వదిలి ఎన్ని సెకన్లలో పోతుందో చూడాలి. వాగు వెడల్పు రెండు మీటర్లు, సగటు లోతు 15 సెంటీమీటర్లు, కాయ 25 సెకన్లలో పోయిందనుకుంటే వేగం సెకనుకు 0.4 మీటర్లు. పైనీళ్లు అడుగు నీళ్ల కన్నా వేగంగా పోతాయి కాబట్టి 0.8తో గుణించాలి. 2 × 0.15 × 0.32, అంటే సెకనుకు 96 లీటర్లు. నెలకు రెండుసార్లు ఒకే చోట, ఒకే పొద్దున కొలిచి రాయాలి. వాగు పారడం ఆగిన తేదీని తప్పక రాయాలి. అయిదేండ్ల తర్వాత వాగు ఇంకా ముందే ఆగుతున్నదా, ఆలస్యంగా ఆగుతున్నదా అన్నదే అసలు సాక్ష్యం, అదీ ఆ ఏటి వానతో పోల్చి చూసినప్పుడే. కుంట అడుగున ఇనుప చువ్వ పాతి, వానలకు ముందూ తర్వాతా మట్టి ఎంత ఎత్తు లేచిందో కొలిస్తే పూడిక లెక్క వస్తుంది.

అన్నిటినీ నీళ్లతో ముడిపెట్టలేం. తపసి బంక తీసేవాళ్లు చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటని చెట్టును ముట్టకపోతే, గొడ్డలితో లోతుగా నరకకుండా చిన్న గాటు పెడితే చెట్టు బతుకుతుంది. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు నిలవాలంటే చుట్టూ ఊళ్లలో పశువులకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇవ్వకూడదు, అది ఉన్న కళేబరం తింటే రాబందు చస్తుంది. 2006 నుంచి పశువైద్యంలో దాన్ని నిషేధించారు, బదులుగా మెలాక్సికామ్ వాడొచ్చు. అభయారణ్యానికి అయిదు కిలోమీటర్ల లోపలి పశువులకు టీకాలు వేయించాలని వన్యప్రాణి చట్టమే చెబుతున్నది. ఇక్కడ మూడో కుర్చీ పశువైద్యుడిది.

మేడారంలో మూడో కుర్చీ సమ్మక్క సారలమ్మ జాతరది. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి లక్షల మంది అభయారణ్యం నడుమకు వస్తారు. వంట కట్టె, ప్లాస్టిక్, కోళ్ల ఈకలు, జంపన్నవాగు మురికి అన్నీ నాలుగు రోజుల్లో పడి, ఏడాదిపాటు అక్కడే ఉంటాయి. అమ్మవార్ల అడవిని శుభ్రంగా ఉంచే ఖర్చు జాతర బడ్జెట్‌లో భాగం కావాలి. అందులో చుట్టుపక్కల గ్రామసభలకు నేరుగా వాటా ఉండాలి. బంగారం (బెల్లం) సమర్పించే భక్తుడు అడవికి పది రూపాయలు ఇవ్వడానికి వెనకాడతాడని నేను అనుకోను.

గ్రామసభకు అప్పగిస్తే పెద్దమనుషులు మింగేస్తారు, అడవి పోడవుతుంది అనే అనుమానం ఉంది. అది పూర్తిగా అబద్ధం కాదు, పాకాల అడవిని పోడు కొరికిన మాట నిజం. అందుకే ఖాతా పుస్తకం ప్రతి నెలా గోడ మీద రాయాలి. కొలతల పుస్తకం ఆయకట్టు రైతు కూడా చూడాలి. డబ్బు ఇచ్చేవాడు కిందనుంచి అడుగుతుంటే మింగడం అంత సులువు కాదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఉంటున్న గుత్తికోయ ఆదివాసీల సంగతి ఇంకా కష్టమైనది. 2005 డిసెంబర్ 13 తర్వాత వచ్చినవాళ్లకు చట్టం భూమి హక్కు ఇవ్వదు. కానీ వాళ్లు ఉంటున్నది వాగుల పుట్టుక దగ్గర. వాళ్లను లెక్కలోంచి తీసేసి వేసే ఏ నిప్పు ప్రణాళికా కాగితం దాటదు. పట్టా ఇవ్వలేకపోయినా వాచర్ పని, కూలి, రేషన్, బడి ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

కొత్త సంస్థ పెట్టమని నేను అడగడం లేదు. వచ్చే యాసంగి తైబందీకి ఎప్పటి మనుషులతో పాటు పై గూడేల నుంచి ఇద్దరిని, అందులో ఒక ఆడమనిషి ఉండేట్టు, అటవీశాఖ రేంజి అధికారిని కూడా పిలవండి. చెరువు మట్టం చదివిన తర్వాత, ఎకరాలు పంచే ముందు మూడు సంగతులు చదివించండి: పోయిన వేసవిలో ఏ వాలు ఎన్ని ఎకరాలు కాలింది, ఏ వాగు ఏ తేదీన ఆగింది, మోడెం కూలీ వాచర్ల కూలీ ఎవరికి ఎంత బాకీ ఉంది. ఆ బాకీ అక్కడికక్కడే తేల్చి, ఆ తర్వాత తూము తెరవండి.